ఇంకో చెయ్యి బాగుందిగా

ఫిబ్రవరి 3, సోమవారం

"ఇంకో చెయ్యి బాగుందిగా అన్నయ్యా" అన్నాడు మా తమ్ముడు. ఆస్పత్రిలో నా మంచం పక్కన నిలబడి అన్నాడు. కూర్చోలేదు కూడా. ఆ మాట అని పదకొండేళ్ళయింది. నాకు మాత్రం నిన్న సాయంత్రం అన్నట్టే ఉంది.

అంతకు ముందు వాడన్న మాట ఇంకొకటి ఉంది. అది దీనికన్నా పెద్దది. షట్టరు స్ప్రింగు బిగించడానికి ఇద్దరు కావాలి. రెండు నిచ్చెనలు, రెండు పైపు రెంచీలు. పైన పెట్టెలో ఉండే ఇనప గొట్టాన్ని ఒకడు అర చుట్టు తిప్పి ఆపుతాడు. రెండోవాడు తన రెంచి తగిలించి, బిగించి, "పట్టుకున్నా" అంటాడు. ఆ మాట విన్నాకే మొదటివాడు తన రెంచి తీస్తాడు. మా పనికి ఉన్న చదువంతా ఆ ఒక్క మాటే.

వాడు "పట్టుకున్నా" అన్నాడు. నేను తీశాను. వాడు పట్టుకోలేదు.

గొట్టం గిర్రున వెనక్కి తిరిగింది. సగం తగిలిన వాడి రెంచి ఎగిరి నా నిచ్చెనని కొట్టింది. నేను పడుతుంటే ఎడమ చెయ్యి నిచ్చెన మెట్ల మధ్య ఇరుక్కుంది. ఒళ్ళంతా ఆ ఒక్క చేతి మీద వేలాడింది. మెడ దగ్గర నరాలు మొక్కని పీకినట్టు ఊడొచ్చాయని డాక్టర్లు చెప్పారు. ఆ రోజు నుంచి ఎడమ చెయ్యి నా ఒంటికి తగిలించిన బరువు. అంతే.

పట్టుకోకుండా ఎందుకన్నావురా అని నేనడగలేదు. చెప్పాల్సినవాడు వాడు. వాడు చెప్పలేదు. మా మధ్య మాటలు పోయాయి.

ఈ డైరీ మందుల షాపాయన కొత్త సంవత్సరానికి ఇచ్చాడు. నాకు రాత అలవాటు లేదు. బడి మానేశాక రాసింది సంతకం, కొట్ల పేర్లు, అంతే. వేళ్ళు కలం పట్టుకుంటున్నాయో లేదో చూసుకుందామని రాస్తున్నాను.

పట్టుకుంటున్నాయి. బాగానే ఉంది.

ఫిబ్రవరి 4

బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరి. చలికి.

ఫిబ్రవరి 5

చెయ్యి పోయాక షట్టర్లు బిగించే పని పోయింది గానీ షట్టర్లు నన్ను వదల్లేదు. మా కొట్ల వరసలో తాళాలన్నీ నా దగ్గరే. పొద్దున్నే లేపాలి, సాయంత్రం దించాలి. మందుల షాపుది సాధుజీవి. టైలరుది వంకరగా లేస్తుంది, మధ్యలో మోకాలితో సర్దాలి. ఫోటో స్టూడియోది మొండిది, ఒక తన్ను తింటేగానీ కదలదు. వాచీల కొట్టుది పాతకాలపు రేకు, మహా బరువు. అన్నిటినీ కుడి చేత్తోనే లేపుతాను. రెండు చేతులున్నవాళ్ళు నిలబడి చూస్తారు. చూడనీ.

ఈ పొద్దున మొండిదాన్ని లేపుతుంటే భుజంలో ఏదో టప్‌మంది. దారం తెగి గుండీ ఊడినట్టు. బయటివాళ్ళకి వినపడే చప్పుడు కాదు. ఆ తర్వాత చెయ్యి భుజం దాటి లేవలేదు. మిగిలినవాటిని నడుం వంచి, కింద పట్టీకి వీపు ఆనించి లేపాను. ఎవరూ చూడలేదు.

గ్రీజు పెట్టించక ఎన్నాళ్ళయిందో. గ్రీజు లేకపోతే ఏనుగైనా లేపలేదు.

ఫిబ్రవరి 7

కోడలు చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తుంది. కుట్టు తప్పినా, గుండీ వదులైనా దాని కన్ను దాటి పోదు. ఆ కన్ను ఇంటికి కూడా తెచ్చుకుంటుంది. మా అబ్బాయి లారీ మీద వారాల తరబడి తిరుగుతాడు కాబట్టి ఆ తనిఖీ అంతా నా మీదే.

"మావయ్యా, ఈ చొక్కా నిన్నటిదేనా?"

"ఉతికిందే."

"ఉతికింది మొన్న. పడుకునేటప్పుడు కూడా విప్పలేదు కదూ?"

"చలిగా ఉంది."

"చలేస్తే పై గుండీ పెట్టుకుంటారు. మీరు కిందవన్నీ పెట్టుకుని పైది వదిలేశారు. చెయ్యి అక్కడిదాకా రావట్లేదన్నమాట."

"నువ్వు ఫ్యాక్టరీలో చొక్కాలు చూసుకో. నా చొక్కాతో నీకేం పని?"

"చొక్కాతో కాదు, లోపలి సరుకుతో" అంది.

నోరు పెద్దది. మా ఆవిడ బతికుంటే ఇద్దరికీ రోజూ గొడవ జరిగేది. జరగకపోనూ వచ్చు. ఇద్దరూ ఒకటై నా మీద పడేవాళ్ళు.

ఫిబ్రవరి 10, సోమవారం

సాయంత్రం మందుల షాపు మూస్తున్నాం. నేను షట్టరు సగం దించాను. ఆయన గడప మీద మర్చిపోయిన టిఫిను డబ్బా కోసం వంగాడు. నేను పట్టుకునే ఉన్నాను. ఉన్నట్టుండి వేళ్ళు విచ్చుకున్నాయి. నేను విప్పలేదు. వాటంతటవి విచ్చుకున్నాయి.

షట్టరు ధనామని పడింది. ఆయన తల అప్పుడే బయటికి తీశాడు. డబ్బా తియ్యలేదు. అది రేకులా చదునైంది.

వీధిలో అందరూ తిరిగి చూశారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. చదునైన డబ్బాని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"స్ప్రింగు పోయింది" అన్నాను. "స్ప్రింగు పోతే ఇట్లాగే జారుతుంది."

"నా తల పోలేదు, అదే పదివేలు" అన్నాడు.

స్ప్రింగే. ఇంకేమవుతుంది.

ఫిబ్రవరి 11

స్ప్రింగే అయ్యుండాలి.

ఫిబ్రవరి 12

మందుల షాపాయన షట్టరు పనివాణ్ణి పిలిపించాడు. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు మా తమ్ముణ్ణి. నాకు ముందుగా చెప్పలేదు. చెప్తే ఊరుకోనని తెలుసు.

వాడి జుట్టంతా పోయింది. వెనకనుంచి చూసి ఒక్క క్షణం మా నాన్న అనుకున్నాను.

మాకు మాటల్లేవు కాబట్టి మందుల షాపాయన మధ్యలో నలిగాడు.

"షట్టరు ఎంత ఎత్తు నుంచి పడిందో అడగండి" అన్నాడు వాడు ఆయనతో.

"కొలిచే టేపు ఇంట్లో మర్చిపోయానని చెప్పండి" అన్నాను నేను.

"పడేముందు ఏమైనా చప్పుడు చేసిందా అడగండి."

"పడ్డాక చేసిందని చెప్పండి."

"అయ్యా, నేను మందులమ్ముకునేవాణ్ణి" అన్నాడాయన. "ఇద్దరిదీ ఒకటే భాష. ఒకళ్ళది ఒకళ్ళకి వినపడుతూనే ఉంది. నన్నొదిలెయ్యండి."

వాడు నిచ్చెనెక్కి పెట్టె మూత తీశాడు. గొట్టం మీద అరచెయ్యి వేసి కాసేపు అట్లాగే ఉంచాడు, జ్వరం చూసినట్టు. దిగి, షట్టరుని నడుం ఎత్తు వరకు లేపి వదిలేశాడు. అది అక్కడే నిలబడింది. వెంట్రుకవాసి జారలేదు.

స్ప్రింగు బాగుంటేనే షట్టరు అట్లా నడుం ఎత్తులో నిలబడుతుంది. ఆ వరసలో మా ఇద్దరికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

వాడు తిరిగి నా వంక చూశాడు. నా కుడి చెయ్యి ఎడమ మణికట్టుని పట్టుకుని ఉంది, ఎప్పుడూ ఉన్నట్టే. దాని వంకే చూశాడు, చాలాసేపు.

"స్ప్రింగు నీరసించింది" అన్నాడు మందుల షాపాయనతో. "బిగిస్తాను."

అబద్ధం. నోరు తెరిస్తే అబద్ధమే. ఆ రోజూ ఇదే నోరు.

ఫిబ్రవరి 13, గురువారం

డబ్బా సంగతి చెప్పుల కొట్టువాడు కోడలికి ఊదాడు. అది సెలవు పెట్టి నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

వేళ్ళకి కరెంటు పెట్టి చూశారు. గొట్టంలాంటి దాంట్లో పడుకోబెట్టి భుజం ఫోటో తీశారు. తర్వాత కసరత్తులు చేయించే అమ్మాయి దగ్గరికి పంపారు. చిన్నపిల్ల. కళ్ళు మాత్రం మా కోడలి జాతి.

"తాతగారూ, ఎడమ చేతిని ఎప్పుడూ ఇట్లాగే పట్టుకుంటారా?"

"ఎట్లా?"

"కుడి చేత్తో మోస్తూ."

"మొయ్యట్లేదు. ఊగకుండా పట్టుకుంటాను."

"ఎంతసేపు?"

"పని లేనప్పుడు."

"అంటే పని ఉన్నప్పుడు రెండు చేతుల పనీ అదే చేస్తుంది, పని లేనప్పుడు రెండో చేతిని మోస్తుంది. మరి దానికి ఆదివారం ఎప్పుడు?"

"నాకే లేదమ్మా ఆదివారం" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎడమ చేతికి మెడ మీదుగా గుడ్డ పట్టీ వేసుకోమంది. నాకు అప్పుడే, పదకొండేళ్ళ కిందటే చెప్పారు ఆ పట్టీ సంగతి. అది వేసుకుంటే దారినపోయే ప్రతివాడూ అయ్యో అంటాడు. అయ్యో అనిపించుకోవడానికి నేను పుట్టలేదు.

డాక్టరుకి దళసరి కళ్ళజోడు. మనిషి వంక చూడడు, ఫోటో వంక చూసి మాట్లాడతాడు. మణికట్టులో నరం నలుగుతోందట, అందుకే తిమ్మిరి. భుజంలో కండని ఎముకకి పట్టి ఉంచే తాడు సగానికి పైగా చిరిగిందట. వాడకం ఎక్కువై అన్నాడు. ఒక చెయ్యి పోయినవాళ్ళలో మామూలేనట. ఈ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు. అప్పుడందరూ ఇంకోటి బాగుందిగా అన్నవాళ్ళే.

"మిగతాది తెగేలోపు కుట్టాలి" అన్నాడు. "పూర్తిగా తెగి కండ కుంచించుకుపోతే కుట్టడానికేం ఉండదు. అప్పుడు ఈ చెయ్యి కూడా పనికి రాదు. కుట్టాక ఆరు వారాలు చేతిని నడుం దగ్గర చిన్న దిండుకి కట్టి ఉంచుతాం. దేనికీ వాడకూడదు."

"దేనికీ అంటే?"

"దేనికీ."

కోడలు కిటికీ వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

అంటే ఆరు వారాలు నాకు చేతుల్లేవు. తినిపించాలి. తొడగాలి. విప్పాలి. కడగాలి.

ఆలోచించి చెప్తామన్నాను. ఆలోచించడానికేం లేదు. చేయించుకోను.

ఫిబ్రవరి 14

చేయించుకోను అన్నానుగా.

ఫిబ్రవరి 17

పొద్దునా సాయంత్రం వేడినీళ్ళ కాపడం పెడుతున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి బుద్ధిగా పడుకుంటున్నాను. కొట్లన్నీ తెరిచి ఉంటాయి కాబట్టి ఆ వేళ నాతో ఎవరికీ పని లేదు.

ఫిబ్రవరి 19

టైలరు షట్టరు ఈ రోజు వంకర పోలేదు. తిన్నగా, గాలిలా లేచింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మొండిది తన్ను తినకుండా లేచింది. రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, తనే పైకి పోయింది. చప్పుడు కూడా లేదు. ఫోటో స్టూడియో కుర్రాయన అక్కడే ఉన్నాడు.

"చూశావా?" అన్నాను.

"చూశాను పెద్దాయనా" అన్నాడు. ఎందుకో కెమెరా తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

కాపడం పనిచేస్తోంది. డాక్టర్లకి కొయ్యడం కుట్టడం తప్ప ఇంకోటి తెలియదు.

ఒక్కటే, దించేటప్పుడు బిగుతుగా ఉంటున్నాయి. అయితే అన్ని షట్టర్లకీ కింద పట్టీ దగ్గర తాడు ఉచ్చులు వేలాడుతున్నాయి ఇప్పుడు. ఉచ్చులో కాలు పెట్టి తొక్కితే దిగుతున్నాయి. చేత్తో పనే లేదు. ఎవరు కట్టారని అడిగితే చెప్పుల కొట్టువాడు ఆకాశం వంక చూశాడు. "ఇప్పుడందరూ ఇట్లాగే కట్టుకుంటున్నారు" అన్నాడు. కొత్త పోకడ. మంచిదే.

ఫిబ్రవరి 22

ఆస్పత్రికి ఫోన్ చేసి రానని చెప్పమన్నాను. కోడలు చెయ్యనంది. టైలరు చేత చేయించాను.

"బాగుపడితే గ్లాసు ఎత్తి తాగండి చూద్దాం" అంది కోడలు. నేను వంగి గ్లాసుకి నోరానించి తాగుతానని దానికెట్లా తెలుసు? అది వెనక్కి తిరిగి ఉన్నప్పుడే తాగుతాను.

"షట్టర్లు లేపుతున్నాను. గ్లాసు ఒక లెక్కా?" అన్నాను.

ఫిబ్రవరి 24

గ్లాసు పగిలింది. గాజుది, జారుడుగా ఉంటుంది. కోడలు ఏమీ అనకుండా స్టీలుది తెచ్చింది. ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 25

కలం రెండుసార్లు జారింది. కలం కూడా జారుడుదే.

ఫిబ్రవరి 27, గురువారం

వాచీలు బాగుచేసే ఆయన బంధువులింటికి వెళ్ళి రెండు వారాలు కొట్టు మూసుకున్నాడు. ఈ పొద్దున దిగాడు. చేతిలో సంచి, మెడలో మఫ్లరు.

"కాస్త తెరుస్తారా?"

ఎందుకు తెరవను? తాళం తీసి, వంగి, రెండు వేళ్ళు ఆనించాను. కదల్లేదు. అరచెయ్యి మొత్తం పెట్టాను. కదల్లేదు. ఇది పాతరేకు, మహా బరువు, తెలిసిందే. ఊపిరి బిగబట్టి లాగాను.

భుజంలో మళ్ళీ టప్‌మంది. ఈసారి చిన్న చప్పుడు కాదు. కళ్ళ ముందు తెల్లగా అయింది. తెలిసేసరికి మోకాళ్ళ మీద ఉన్నాను, నుదురు రేకుకి ఆనుకుని ఉంది. చల్లగా ఉంది రేకు.

"లేవండి, నేను లేపుతాను" అన్నాడాయన. సంచి కింద పెట్టి రెండు చేతులతో లేపాడు. ఆయన నాకన్నా పెద్దవాడు.

నేను గోడకానుకుని నిలబడి పక్క కొట్టు వైపు చూశాను. ఫోటో స్టూడియో షట్టరు పక్క గాడుల్లో కొత్త గ్రీజు. పైన పెట్టె మూతకి కొత్త స్క్రూలు. గొట్టం చివర బయటికి కనిపించేచోట రెంచి పళ్ళ గాట్లు, తాజావి, మెరుస్తున్నాయి. టైలరుది చూశాను. అక్కడా అవే. చెప్పుల కొట్టుదీ. అన్నీ. స్ప్రింగు మామూలు బిగింపు కన్నా ఎక్కువ బిగించారు. అట్లా చేస్తే పైకి తనే పోతుంది, దించడమే కష్టం. అందుకే తాళ్ళు.

వాచీల కొట్టు మూసి ఉంది కాబట్టి దానికి చెయ్యలేకపోయారు.

నా చెయ్యి బాగుపడలేదు. షట్టర్లు బాగుపడ్డాయి.

ఫిబ్రవరి 28

రాయడానికి చాలా సేపు పడుతోంది. అయినా రాస్తాను.

మందుల షాపాయన్ని నిలదీశాను. జనం లేనప్పుడు వెళ్ళాను. "వరసంతా కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ తమ్ముడు చెప్పొద్దన్నాడు."

"ఎప్పుడొచ్చాడు?"

"మీరు మధ్యాహ్నం ఇంటికెళ్ళినప్పుడు. రోజుకొక కొట్టు. ఒక్కడే వచ్చేవాడు."

"ఒక్కడి వల్ల కాదది. రెండో రెంచి ఎవరు పట్టారు?"

ఆయన తన అరచేతులు చూపించాడు. మాత్రలు లెక్కపెట్టే చేతులు. బొబ్బలెక్కి ఉన్నాయి.

"నాకేం తెలుసు పెద్దాయనా, రెంచి పట్టడం ఇదే మొదలు. పట్టుకున్నాక పట్టుకున్నా అని గట్టిగా చెప్పాలన్నాడు. చెప్పాను. అయినా మీవాడు తన రెంచి తియ్యడు. అట్లాగే ఒక చేత్తో ఆపి, వంగి, రెండో చెయ్యి చాపి నా వేళ్ళు తడిమి చూస్తాడు. నా పిడికిలి పైన తన పిడికిలి పెట్టి నొక్కి చూస్తాడు. అప్పుడు గానీ తియ్యడు. ప్రతి చుట్టుకీ అంతే. ఒకసారి విసుగొచ్చి, నా మాట మీద నమ్మకం లేదా అన్నాను."

"ఏమన్నాడు?"

"ఆ మాట మీద లేదండి అన్నాడు. మళ్ళీ తడిమాడు."

నేను లేచి వచ్చేశాను. దారిలో ఎడమ చేతిని పట్టుకోవడానికి కుడి చెయ్యి రాలేదు. ఎడమది తొడకి తగులుతూ ఊగింది ఇంటిదాకా.

మార్చి 1, శనివారం

మళ్ళీ ఆస్పత్రి. కోడలు ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. దానికన్నా ఎత్తిపొడిచినా బాగుండేది.

ఇంకా చిరిగిందట. కొంచెం పట్టుంది, కుట్టొచ్చు, ఇంక ఆగకూడదన్నాడు డాక్టరు. వచ్చే శుక్రవారం ఖాళీ ఉందట. ఈసారి ఫోటో వదిలి నా వంక చూశాడు.

"ఆరు వారాలు మీతో ఎవరుంటారు?"

"చూసుకుంటాం" అన్నాను.

"చూసుకుంటాం అంటే కుదరదు. మనిషి కావాలి. ఆ మనిషి నా దగ్గరికొచ్చి, ఉంటానని నాతో చెప్పాలి. గురువారం సాయంత్రం లోపు. లేకపోతే ఆ తారీఖు ఇంకొకరికి ఇస్తాను."

"మనిషి లేకపోతే కుట్టరా?"

"కుడితే మూడో రోజే మీరు గుండీ పెట్టుకుంటారు. కుట్లు తెగుతాయి. మీలాంటివాళ్ళని చాలామందిని చూశాను."

మూడో రోజు దాకా కూడా ఆగనని ఆయనకి చెప్పలేదు.

మార్చి 2, ఆదివారం

ముక్కు దురద పెట్టింది. గోడకి రుద్దుకున్నాను. అప్పుడు భయం వేసింది. ఇంతవరకు వెయ్యలేదని కాదు. ఇప్పుడు కూర్చుంది, లేచి పోవడం లేదు. రెండూ పోతే ఏమిటి? ఈగ వాలితే తోలడానికి ఎవరినో పిలవాలి. తలుపు ముందు నిలబడి ఎవరో తియ్యాలని చూడాలి. జీవితమంతా తలుపులు తెరిచినవాణ్ణి.

మావాడు ఫోన్ చేశాడు. ఎక్కడో సరిహద్దు దగ్గర లారీ ఆగిపోయిందట, నెలాఖరు దాకా రాలేడు.

"నేను చేస్తాను మావయ్యా" అంది కోడలు. "మా నాన్నకి చెయ్యలేదా?"

"నేను మీ నాన్నని కాదు."

"కళ్ళు మూసుకుని చేస్తాను."

"కళ్ళు మూసుకుని నువ్వు చేసే తనిఖీ నాకొద్దు."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అది చేస్తుంది, నాకు తెలుసు. ఒక్క మాట అనకుండా చేస్తుంది. కానీ ఆ తర్వాత అది నా ముందు నోరు పారేసుకోదు. రోగి మావయ్యతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. అది నేను పడలేను.

"మీ తమ్ముడుగారిని అడగండి" అంది.

"అడగను."

"ఏం?"

"వాడే అడగాలి."

"ఆయన షట్టర్లన్నీ అడిగాడు కదా మావయ్యా, ఒక్కొక్కదాన్నీ" అంది. ఏం మాటది? లోపలికెళ్ళి ఒక గుడ్డ తెచ్చింది. నా చొక్కాల రంగు గుడ్డే, ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కట. పట్టీలాగా కుట్టింది. "చొక్కా మీద చొక్కా గుడ్డే కాబట్టి కనపడదు. అయ్యో అనేవాళ్ళు దగ్గరికొచ్చి చూడాలి. దగ్గరికొస్తే మీరు కరుస్తారని అందరికీ తెలుసు."

వేయించుకున్నాను. ఎడమ చెయ్యి దాంట్లో పడుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. ఏం చెయ్యాలో దానికి తెలియలేదు.

మార్చి 3, సోమవారం

ఈ కాగితం చింపుతాను. కోడలు ఫ్యాక్టరీకి వాడి కొట్టు మీదుగానే వెళ్తుంది. దానికిస్తాను. చదవొద్దంటాను. చదువుతుంది.

ఒరేయ్,

షట్టర్ల సంగతి తెలిసింది. ఈ వయసులో నిచ్చెనలెక్కావు. వాచీల కొట్టుది కూడా చెయ్యి, మిగిలిపోయింది. టైలరుది అర చుట్టు ఎక్కువైంది, విసురుగా లేస్తోంది, ఎవరి గడ్డమైనా లేపేస్తుంది. తగ్గించు.

కుడి చెయ్యి పోతోంది. నువ్వు బాగుందన్న చెయ్యే. శుక్రవారం కుడతారు. ఆ తర్వాత ఆరు వారాలు నాకు రెండు చేతులూ ఉండవు. పక్కన మనిషి ఉండాలంటున్నారు. కోడలు చేస్తానంటోంది, నేను చేయించుకోను. డబ్బుకి మనిషిని పెట్టినా చేయించుకోను.

అమ్మ పోయినప్పుడు నీకు లాగు కట్టుకోవడం కూడా రాదు. తొడిగింది నేను. ముక్కు తుడిచింది నేను. నీకు ఎక్కడెక్కడ కడిగానో నీకు గుర్తులేకపోవచ్చు, నాకుంది. ఇప్పుడు నీ వంతు. సిగ్గుపడితే ఇద్దరం కళ్ళు మూసుకుందాం.

నువ్వు కావాలని అడుగుతున్నానని అనుకోకు. నువ్వు చెయ్యాలి కాబట్టి చెప్తున్నాను.

ఆ రోజు పట్టుకోకుండా ఎందుకన్నావో ఇప్పుడడగను. ఆరు వారాలు చేతులే కట్టేస్తారు, నోరు కాదు. తీరిగ్గా అడుగుతాను. నువ్వు పారిపోవడానికి కూడా ఉండదు, నా నోట్లో చెంచా పెడుతూ ఉంటావు.

గురువారం పొద్దున షట్టర్లు లేపే వేళకి నాకు జవాబు కావాలి. ఆ సాయంత్రం లోపు డాక్టరుకి కూడా నువ్వే వచ్చి చెప్పాలి, లేకపోతే తారీఖు పోతుంది. మందుల షాపాయన చేత చెప్పించకు. వరస దగ్గరికి వచ్చి నా ముందు నిలబడి చెప్పు. రానంటే రానని అక్కడే చెప్పు, వింటాను.

పట్టుకుంటేనే పట్టుకున్నా అను. గురువారం.